దైవసహాయం మాస్టారి గొంతు

1976 ఏప్రిల్ మొదటి వారంలో నన్ను తిరువూరు షూటింగుకి శబ్దగ్రాహకుడిగా వేశారు. అప్పటికి నేను మద్రాసులో సినిమా సాంకేతిక విద్య ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఉద్యోగం అనదగింది ఇంకా మొదలుకాలేదు. అయినా ముప్పయ్యేళ్ళకు పైగా డాక్యుమెంటరీ చిత్రాలకు శబ్దం రికార్డు చేసి రిటైరైన నన్ను, పని ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే ఆ షూటింగే గుర్తొస్తుంది. అక్కడ చేసినన్ని తప్పులు తర్వాత ఎక్కడా చెయ్యలేదు.

మేం చదివినచోట పద్ధతి ఇది. దర్శకత్వం చదివే ప్రతి విద్యార్థీ ఆఖరి ఏడాదిలో ఒక చిన్న సినిమా తియ్యాలి. దాన్ని డిప్లొమా ఫిల్ము అనేవాళ్ళం. కెమెరా విభాగం నుంచి ఒకరిని, సౌండు విభాగం నుంచి ఒకరిని అతనికి జత చేస్తారు. ముగ్గురికీ మార్కులు ఆ సినిమా మీదే. ఫిల్ము నలుపు తెలుపుది. ఇచ్చినంతే ఇస్తారు, అయిపోతే మళ్ళీ ఇవ్వరు. దర్శకుడు జయరాజు. కెమెరాకి శేషు. సౌండుకి, బందరు నుంచి వచ్చిన నేను.

జయరాజుది తిరువూరు. హాస్టల్లో నా గదిలోనే ఉండేవాడు. అతను మొదట రాసుకున్న కథ ఒక లారీ క్లీనరుది. మార్చిలో ఇంటికెళ్ళి వచ్చాక ఆ కాగితాలు పక్కనపెట్టి, మా నాన్న మీద తీస్తానన్నాడు. వాళ్ళ నాన్న దైవసహాయం మాస్టారు తిరువూరులో ఒక మిషను బడికి హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసెయ్యాలని, జూన్లో ఆపరేషన్ అని డాక్టర్లు తేల్చారు. ఈ సంగతి జయరాజు మాకు ఒక్కసారే చెప్పాడు. చెప్పి, "మీరిద్దరూ అక్కడ ఈ మాట ఎత్తకండి" అన్నాడు. ఒక ఉపాధ్యాయుడు పాఠం చెప్పే తీరు మీద సినిమా అని ఇంట్లో చెప్పాడట.

బెజవాడలో బస్సు మారి తిరువూరులో దిగేసరికి ఎండ మండుతోంది. ఊరి చివర, చర్చికి దగ్గర్లో పెంకుటిల్లు. ముందు వరండా, పక్కన బావి, వెనక కోళ్ళు. మాస్టారు సన్నగా, పొడుగ్గా ఉన్నారు. గొంతు కొంచెం గీరుకుపోయి ఉంది గాని బాగా పలుకుతోంది. జయరాజు తల్లి మార్తమ్మ గారు మాకు మజ్జిగ ఇచ్చి, సామాను దించుతుంటే నా వెనకే వచ్చారు.

"ఆ పెట్టెలో పట్టేది నువ్వేనా బాబూ గొంతు?" అన్నారు.

నేనేనన్నాను.

"జాగ్రత్తగా పట్టు. మీ పిక్చరు సంగతి నాకు తెలీదు. ఆయన గొంతు మాత్రం మాకు ఉండిపోవాలి."

ఆవిడకు అంతా తెలుసని అప్పుడు అర్థమైంది. మాస్టారికీ తెలుసని తర్వాత అర్థమైంది. ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు ఆ విషయాన్ని దాస్తున్నారు.

మా పరికరాల గురించి రెండు మాటలు చెప్పాలి. మాకిచ్చిన కెమెరాకి మోటారు లేదు. గోడగడియారానికిచ్చినట్టు కీ ఇచ్చి నడపాలి. ఒక కీకి అర నిమిషం కూడా నడవదు. ఆ కాసేపట్లోనూ వేగం ఒక్కలా ఉండదు. పైగా కుట్టుమిషనులా చప్పుడు చేస్తుంది. శబ్దం వేరే టేపు రికార్డరు మీద పడుతుంది. అది బ్యాటరీలతో నడుస్తుంది, దాని వేగం దానిది. బొమ్మనీ శబ్దాన్నీ తర్వాత ఎడిటింగు టేబుల్ మీద కలపాలి. మనిషి పెదాలు కనబడేలా తీస్తే ఈ రెండూ కలవవని మాకు పాఠంలో చెప్పారు. పాఠంలో విన్నవన్నీ మాకు వచ్చేసినట్టే అనుకునేవాళ్ళం.

షూటింగులో సౌండువాడికి ఉన్న హక్కు ఒక్కటే. అందరూ నోరు ముయ్యండి అనగలడు. దర్శకుడు సరేనన్నా, కెమెరావాడు సిద్ధమన్నా, సౌండువాడు తల ఊపేదాకా ఏదీ మొదలుకాదు. ఆ హక్కుని ఆ ఇంట్లో నేను పూర్తిగా వాడుకున్నాను. బావి గిలక చప్పుడొస్తోందని నీళ్ళు తోడటం ఆపించాను. పక్కింటివాళ్ళ దంపుడు ఆపించాను. కోళ్ళని దూరంగా తోలమన్నాను. మార్తమ్మ గారు వంటింట్లో గిన్నె కదిపితే వినబడుతోందని, కాసేపు పక్కింట్లో కూర్చోమని అడిగాను. ఆవిడ కోళ్ళని అదిలిస్తూ వీధిలోకి వెళ్ళారు. పక్కింటావిడతో అంటుంటే నా హెడ్‌ఫోన్లలోకి కూడా వచ్చింది: "బందరబ్బాయట. నన్నూ కోళ్ళనీ కలిపి వెళ్ళగొట్టాడు చూడమ్మా."

శేషు కెమెరా మీద బొంత కప్పి, దాంట్లో తనూ దూరాడు. కెమెరా చప్పుడు తగ్గించడానికి అదొక్కటే దారి. బొంతలోంచి, "త్వరగా కానివ్వండ్రా, నేనిక్కడ ఉడికిపోతున్నాను" అని గొంతు వచ్చింది.

మాస్టారు లోపలికి వెళ్ళి కోటు వేసుకుని వచ్చారు. ఏప్రిల్ ఎండలో కోటు. వరండాలో కుర్చీ మీద నిటారుగా కూర్చుని, మైకు వైపు ఒకసారి మర్యాదగా తల వంచి మొదలుపెట్టారు.

"ప్రియమైన శ్రోతలారా. విద్య అనునది మానవునికి మూడవ నేత్రము వంటిది..."

ఆ రోజుల్లో తిరువూరు ప్రాంతంలో మైకు అంటే రెండే. చర్చిలో ఒకటి, పంచాయితీ ఆఫీసు మీద సాయంత్రం పూట రైతుల కార్యక్రమం వినిపించే రేడియో స్పీకరు ఒకటి. ఆ రెంటిలోనూ ఎవరూ ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడరు. మైకు ముందుకొస్తే మనిషి రేడియోలా మాట్లాడటం అక్కడ సభ్యత. మేమూ అలాగే పెరిగాం గనక మాకేం తేడా కనిపించలేదు. పైగా నాకు చాలా సంతోషమేసింది. రికార్డరు మీద శబ్దం బలాన్ని చూపించే ముల్లు ఉంటుంది. మనిషి గొంతు పెంచితే అది ఎర్రగీత దాటుతుంది, అప్పుడు శబ్దం చీలుతుంది. మాస్టారు మాట్లాడినంతసేపూ ఆ ముల్లు ఎక్కడుండాలో అక్కడే ఉంది. దగ్గు వచ్చినప్పుడల్లా నేను ఆపించి, మళ్ళీ మొదటినుంచి చెప్పించాను. ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. అలా రెండు రోజులు విద్య గురించి, క్రమశిక్షణ గురించి, సమయపాలన గురించి రికార్డు చేసి, మంచి పని చేశామనుకుంటూ మద్రాసు వెళ్ళిపోయాం.

ల్యాబులో కడిగిన ఫిల్మును మొదటిసారి వేసి చూసుకోవడాన్ని రషెస్ చూడటం అంటారు. మే మొదట్లో చూశాం. టేపుని ఫిల్ముతో కలిపి నడిపితే, మొదటి మాట దగ్గర పెదాలు కలిశాయి. నాలుగో మాటకి మాట ముందు, పెదవి వెనక. ఇంకాసేపటికి మాస్టారు నోరు మూసుకుని ఉన్నారు, సమయపాలన మాత్రం వినబడుతోంది. శేషుకి నవ్వొచ్చి, జయరాజు మొహం చూసి ఆపుకున్నాడు.

జయరాజు బొమ్మ ఆపేసి, ఒట్టి శబ్దం వెయ్యమన్నాడు. వేశాను. శుభ్రంగా ఉంది. వెనకాల ఆకు కదిలిన చప్పుడు కూడా లేదు. అతను చాలాసేపు విన్నాడు.

"పెదాల సంగతి అటుంచు. ఇది మా నాన్న కాదురా," అన్నాడు.

"మరెవరు?"

"ఎవరో ఉపన్యాసకుడు. మా నాన్న జన్మలో 'అనునది' అనలేదు."

మాకు సౌండు చెప్పే మాస్టారు తమిళుడు, మితభాషి. ఆయనకి వినిపించాను, శుభ్రంగా ఉందంటారనే ఆశతోనే. ఆయన కళ్ళు మూసుకుని విని, ఈయన ఎక్కడ కూర్చుని మాట్లాడాడని అడిగారు. వాళ్ళింట్లోనే అన్నాను. "అయితే ఇల్లేదీ?" అన్నారు. ఇంకో టేపు మంజూరు చేస్తూ సంతకం పెట్టారు.

ఆపరేషన్‌కి నెల కూడా లేదు. మేం వచ్చిన నెలలోనే గొంతు ఇంకా పాడైందని ఇంటినుంచి కబురొచ్చింది. ఫిల్ము కాస్తే మిగిలి ఉంది. మళ్ళీ తిరువూరు వెళ్ళాం.

రెండోసారి వెళ్ళేటప్పుడు దారంతా మేం ముగ్గురం ఆలోచించుకున్న ఉపాయం, మైకు దాచెయ్యడం. మాస్టారు మధ్యాహ్నం పడుకునే నులకమంచం పట్టెకి కింద కట్టాను. వైరు చాప కిందుగా లాగి లోపలి గదిలో రికార్డరు పెట్టుకుని కూర్చున్నాను. జయరాజు ఏమీ ఎరగనట్టు వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, చిన్నప్పటి కబుర్లు ఎత్తాడు. హెడ్‌ఫోన్లలో మొదట నులక కిర్రుమన్న చప్పుడు, తర్వాత మాస్టారి గొంతు:

"చాప ఎందుకురా అక్కడ ఉబ్బెత్తుగా ఉంది?"

జయరాజు నసిగాడు.

"వైరా? దానికి దాగుడుమూతలెందుకు? బందరబ్బాయ్! ఇలా రా. మైకు పైన పెట్టు నాయనా, అక్కడ కిందుంటే నీకేం వినపడుద్ది?"

నేను వెళ్ళి విప్పి బల్ల మీద పెట్టాను. ఆయన లేచి కోటు వేసుకొచ్చారు. "ప్రియమైన విద్యార్థులారా" అన్నారు. ఈసారి 'విద్యార్థులారా' దగ్గర గొంతు తెగింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టారు.

జయరాజు ఓపిక పట్టలేకపోయాడు. "నాన్నా, మామూలుగా మాట్లాడు."

"మామూలుగా అంటే?"

"రోజూ మాట్లాడినట్టు."

"రోజూ ఎలా మాట్లాడతానురా? చెప్పు, అలాగే మాట్లాడతా."

"ఇదిగో, ఇప్పుడు మాట్లాడుతున్నావు చూడు, ఇలాగ."

మాస్టారు తల ఊపి, గొంతు సవరించుకుని, మైకుకేసి తిరిగి, "ఇప్పుడు నేను మామూలుగా మాట్లాడుచున్నాను" అన్నారు.

శేషు బొంతలో మొహం దాచుకున్నాడు. జయరాజు నవ్వలేదు. విసురుగా లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. దర్శకత్వం చెప్పేవాళ్ళు మొదటి రోజు నుంచీ హెచ్చరించే తప్పు అది. నటుడు కాని మనిషిని సహజంగా ఉండమని అడగకూడదు. అడిగిన క్షణం నుంచి ఆయనకి తన చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు. జయరాజుకి ఆ పాఠం వచ్చు. ఎదురుగా ఉన్నది తండ్రి కావడం వల్ల మరిచిపోయాడు.

నేను రికార్డరు ఆపేసి వైరు చుట్టుకుంటున్నాను. మాస్టారు కోటు బొత్తాలు విప్పుకుంటూ నెమ్మదిగా అన్నారు: "వాడికి భయంగా ఉంది బాబూ. నా గొంతు పోతుందని. వాళ్ళమ్మకీ అంతే. నలభయ్యేళ్ళు వాడానుగా, పోతే పోయింది. వాడికి చెప్పమాక, నాకు తెలుసని."

ఆ మాటలు టేపు మీద లేవు. ఆయన గొంతుని అంత మామూలుగా నేను అంతకు ముందు వినలేదు. రికార్డరు నడుస్తూ ఉండాల్సిందని అప్పుడూ అనుకోలేదు, తర్వాతా అనుకోలేదు. కొన్ని మాటలు ఒక మనిషికి చెప్పినవి. అవి టేపుకి చెప్పినవి కావు.

మర్నాడు పొద్దున్నే మామిడికాయలు వచ్చాయి. ఎ.కొండూరు దగ్గర తోట ఉన్న పాత విద్యార్థి ఒకాయన ఏటా మాస్టారికి ఆవకాయకి కాయలు పంపేవాడట. బండి మీంచి గోనెసంచులు వరండాలో దిగాయి. మార్తమ్మ గారు కొంగు బిగించి మా ముగ్గురినీ చూశారు.

"ఇవాళ పిక్చరు లేదు, గిక్చరు లేదు. ఈ కాయలు రేపటికి మెత్తబడతాయి. అందరూ చేతులు కడుక్కుని, తుడుచుకుని రండి."

ఎవరికీ ఎదురు చెప్పే ధైర్యం లేదు. జయరాజు, నేను కాయలు తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో తుడిచాం. మాస్టారు పంచె ఎగగట్టి, బనీనుతో, పీట వేసుకుని కూర్చున్నారు. ఆయన ముందు మామిడికాయలు కొట్టే కత్తి. దిమ్మకి బిగించిన బరువైన కత్తి అది. కాయ పెట్టి పిడి కిందికి కొడితే టెంకతో సహా రెండు ముక్కలవుతుంది. మొదటి దెబ్బ పడగానే నాలో సౌండువాడు లేచాడు. ఆ చప్పుడు విని కాదు, ఆ చప్పుడు వెనకాల ఆయన ఏదో అంటుంటే విని.

నేనేం దాచలేదు. దగ్గరికెళ్ళి, "మాస్టారూ, రికార్డరు పెట్టుకోమంటారా?" అని అడిగాను.

"పెట్టుకో, నాకేం అడ్డం? ముందు ఆ చెయ్యి తుడుచుకో. తడి తగిలిందంటే జాడీ మొత్తం బూజే."

నేల మీద పెడితే కత్తి అదురు ఎక్కుతుందని మైకుని పై వాసానికి వేలాడదీశాను. అది ఆయన నెత్తికి మూరెడు ఎత్తులో, అందరికీ కనబడుతూనే ఉంది. ఆయన ఒకసారి తలెత్తి చూశారు. కోటు కోసం లేస్తారేమోనని భయపడ్డాను. చేతిలో కాయ ఉంది. "ఇది పీచుకాయ, పప్పులోకి తీసెయ్యి" అని పక్కకు విసిరారు. రీలు తిరగడం మొదలైంది.

ముల్లు ఒక్కో దెబ్బకీ ఎర్రగీత దాటి చివరికంటా పోతోంది. చదువుకున్న చదువు ప్రకారం నేను ఆపాలి. ఏప్రిల్లో అయితే ఆపేవాణ్ణే. శబ్దం స్థాయి తగ్గించాను. తగ్గిస్తే దెబ్బ చీలదు గాని, మాట సన్నబడుతుంది, దాని వెనక టేపు సొంత బుస వినబడుతుంది. బుస ఉంటే ఉండనీ అనుకున్నాను. కోళ్ళు వచ్చి టెంకల చుట్టూ తిరిగాయి. పక్కింట్లో దంపుడు మొదలైంది. బావి గిలక కిర్రుమంది. మధ్యలో మాస్టారు దగ్గారు. నేను దేన్నీ ఆపలేదు.

ఆ టేపులో ఉన్నదాంట్లో కొంత ఇది. నాకు బాగా గుర్తుంది.

"ముక్కముక్కకీ టెంక అంటుకునుండాలి. టెంక లేని ముక్క ఎముక లేని మనిషి. నాలుగు రోజులకి కూలబడుద్ది. జయరాజూ, ఆ జీడి తియ్యి. పొర కూడా తీసెయ్యి. పొర తియ్యకుండా వేశావేం?"

"తీశాను నాన్నా."

"ఇదేంటి మరి? ఇది పొర కాదా? కళ్ళజోడు నాకా నీకా?"

తర్వాత నా వైపు తిరిగారు. "బందరబ్బాయ్, పాతిక కాయలకి మానికన్నర కారం. వందకి ఎంత?"

నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముల్లు చూస్తున్నాను. "నాలుగు" అన్నాను.

"నాలుగా! ఒరే జయరాజూ, ఇతనికి మిషను ఎవరిచ్చార్రా? మళ్ళీ చెప్పు."

"ఆరండి."

"ఆరు. మొదటిసారి ఎందుకు తప్పొచ్చింది?"

"ఆలోచించకుండా చెప్పానండి."

"తప్పు రావటం తప్పు కాదు. ఎందుకొచ్చిందో చూసుకోకపోతే అప్పుడు కొడతా." అని, అదే ఊపులో ఇంకో కాయ కొట్టారు.

కాసేపటికి ఉప్పు దగ్గర మొదలైంది. మార్తమ్మ గారు బేసినులో ఉప్పు పోస్తుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"చాలు."

"చాలదు."

"చాలు మార్తా."

"పోయినేడూ ఇలాగే చాలన్నారు. వానలు పడేసరికి మెత్తబడింది."

"మెత్తబడింది ఉప్పు తక్కువై కాదు. తడిగరిటె పెట్టారు."

"ఎవరు పెట్టారో చెప్పనా? మీ చెల్లెలు."

"మా చెల్లెల్ని ఇందులోకి తేకు."

"నేను తేలేదు. ఆవిడే వచ్చింది, గరిటె పట్టుకుని."

మాస్టారు నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు తగ్గాక మళ్ళీ నవ్వు మిగిలింది. మార్తమ్మ గారు ఆ సందులో ఇంకో గుప్పెడు ఉప్పు పోసేశారు.

శేషు మిగిలిన ఫిల్ము అంతా ఆ పొద్దున్నే వాడేశాడు. జయరాజు అతనితో ఒక్కటే మాట అన్నాడు: పెదాలు వద్దు. ఆయన చేతులు, మెడ వెనక భాగం, తెగిన ముక్క మీద జీడి, కారం కలిపే మార్తమ్మ గారి మోచేతులు, కోడి. పెదాలు లేకపోతే ఏ మాటనైనా ఏ బొమ్మ మీదనైనా వెయ్యొచ్చు. బొంత కప్పలేదు. కెమెరా చప్పుడు ఆ ఇంట్లో చప్పుళ్ళలో కలిసిపోయింది. ఆయన ఏదో చెబుతుండగానే టేపు రీలు అయిపోయింది. ఆయన గమనించలేదు. నేనూ హెడ్‌ఫోన్లు తీసేసి కాయలు తుడవడానికి కూర్చున్నాను.

జూన్లో ఆపరేషన్ జరిగింది. మాస్టారు బతికారు. గొంతు పోయింది.

ఎడిటింగులో నేను ఏప్రిల్ టేపుని పక్కన పడేద్దామన్నాను. జయరాజు ఒప్పుకోలేదు. సినిమా మొదట్లో కోటు, కుర్చీ, 'ప్రియమైన శ్రోతలారా' కొంచెంసేపు ఉంచాడు. ఇది మీ నాన్న కాదన్నావు కదరా అని అడిగాను. "తప్పన్నాను. అదీ మా నాన్నే. పదిమంది ముందు అలా కనబడాలని ఆయనకుంటుంది. మనకోసం ఎండలో కోటు వేసుకున్నాడు," అన్నాడు. ఏప్రిల్ నుంచి నేను చేసిన తప్పులు సామానుకీ చప్పుడుకీ సంబంధించినవే అనుకుంటూ వచ్చాను. మనిషి మనకి ఇవ్వదలుచుకున్నది పనికిరాదని తీసిపారెయ్యడం కూడా తప్పుల్లో ఒకటని అతను చెబితే తెలిసింది.

పరీక్షకులు శబ్దానికి మార్కులు తగ్గించారు. బుస ఎక్కువగా ఉందని, మొదటి కత్తి దెబ్బల దగ్గర శబ్దం చీలిందని రాశారు. రెండూ నిజమే. మా సౌండు మాస్టారు మాత్రం కారిడార్లో ఎదురైనప్పుడు, ఆవకాయ కుదిరిందా అని తెలుగులో అడిగారు.

ఆ డిసెంబరులో జయరాజు సినిమా ప్రింటు తిరువూరు తీసుకెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. మాస్టారు పనిచేసిన బడి హాల్లో, కిటికీలకి దుప్పట్లు కట్టి, మధ్యాహ్నం వేశాం. పాత విద్యార్థులు, చర్చివాళ్ళు, ఇరుగుపొరుగు అంతా వచ్చారు. మాస్టారు ముందు వరసలో కోటు వేసుకుని కూర్చున్నారు. మెడ చుట్టూ తెల్లటి గుడ్డ. పక్కన మార్తమ్మ గారు. నేను ప్రొజెక్టరు పక్కన, స్పీకరు శబ్దం చూసుకుంటూ నిలబడ్డాను.

'ప్రియమైన శ్రోతలారా' అని స్పీకర్లోంచి రాగానే హాలు సద్దుమణిగింది. మాస్టారు ఇంకాస్త నిటారుగా కూర్చున్నారు. ఆరు నెలలుగా ఆ గొంతు ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. ఎవరో ముక్కు చీదారు. తర్వాత కత్తి దెబ్బ పడింది, పీచుకాయ పప్పులోకి ఎగిరింది, హాలంతా ఒక్కసారి నవ్వింది. నేను 'నాలుగు' అన్నప్పుడు వెనకనుంచి ఎవరో "మనకీ పడ్డాయిరా ఇట్లాగే" అన్నారు.

ఉప్పు దగ్గరికొచ్చింది. తెర మీద మార్తమ్మ గారి మోచెయ్యి. స్పీకర్లో, "చాలు."

"చాలదు" అని తెర మీది మార్తమ్మ గారు అనడానికి ముందే హాల్లోని మార్తమ్మ గారు పైకే అనేశారు. జనం నవ్వారు. ఆవిడ నవ్వలేదు. తెర వైపే చూస్తూ, "అప్పుడే చెప్పాను. చూడండి, ఈ ఏడు ముక్క గట్టిగా ఉందా లేదా?" అన్నారు.

మాస్టారు ఆవిడ వైపు తిరిగారు. చెయ్యి అడ్డం పెట్టారు, ఆ రోజు బేసిను మీద పెట్టినట్టే. పెదాలు కదిలాయి. "చాలు మార్తా" అని స్పీకర్లోంచి వచ్చింది. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకున్నారు. సినిమా అయిపోయేదాకా వదల్లేదు.

మాస్టారు ఆ తర్వాత కొన్నేళ్ళున్నారు. ఆయన పోయాక మార్తమ్మ గారు ఒకటి రెండుసార్లు ఆ టేపు వెయ్యమని జయరాజుని అడిగారట. సినిమా కాదు, టేపే. మామిడికాయల దగ్గర బొమ్మలో ఆయన మొహం లేదు కదా అని ఆవిడ ఫిర్యాదు.

నేను తర్వాత ఎన్నో ఇళ్ళలో, పొలాల్లో, పనిచోట్ల రికార్డు చేశాను. ఎక్కడికెళ్ళినా మొదట అడిగింది, ఈ వేళకి మీరు మామూలుగా ఏం పనిలో ఉంటారని. ఆ పని మొదలయ్యాకే మైకు పెట్టేవాణ్ణి, కనబడేటట్టే పెట్టేవాణ్ణి. చేతులకి పనుంటే గొంతు తన దారిన తాను వస్తుంది. అక్కర్లేని చప్పుళ్ళు తర్వాత తగ్గించుకోవచ్చు. రికార్డు కాని ఇంటిని తర్వాత ఎక్కడనుంచీ తేలేం. నా కింద పనిచేసిన కుర్రవాళ్ళకి ఇదే చెప్పాను. యూనిట్ వాళ్ళు మాత్రం నోరు మెదపకూడదని కూడా చెప్పాను. ఆ నియమాన్ని ఉద్యోగం చేసినన్నాళ్ళూ కచ్చితంగా అమలుచేశాను.

పోయినేడు జయరాజు పోయాడు. అతని కూతురు, నాన్న గొంతు ఎక్కడైనా ఉందా అంకుల్ అని ఫోన్లో అడిగింది. ఇన్ని సినిమాలు తీసినవాడు, ఎప్పుడూ కెమెరాకి ఇవతలే నిలబడ్డాడు. నేను వెతికి వెతికి, ఆ మే నెల టేపు కాపీ పంపించాను. అందులో అతనున్నాడు. "తీశాను నాన్నా" అంటాడు. ఇంకోచోట, దూరంగా, మంచినీళ్ళడుగుతాడు. యూనిట్ వాళ్ళు మాట్లాడకూడదన్న నా నియమం తప్పని ముప్పయ్యేళ్ళ సర్వీసులో నాకు తోచలేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే, షూటింగుకి ఒక్కసారైనా మనవాళ్ళ మాటా కొంచెం పడనివ్వమని చెబుతున్నాను.